కెడిల్‌స్టన్ హాల్‌లోని భారతీయ వస్తువుల కథ చెప్పించండి: బ్రిటన్ సంస్కృతి శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ గురించి మీకీ ఉత్తరం రాస్తున్నాను.

ఆ భవనం గొప్పదే, అందులో అనుమానం లేదు. 1759లో నథానియల్ కర్జన్ పని మొదలుపెట్టించాడు. కొద్దికాలానికే ఆ పని వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ చేతికి వచ్చింది. పార్కుకు అడ్డమని ఊరినే పక్కకు జరిపేస్తే పాత చర్చి ఒక్కటే మిగిలింది. మార్బుల్ హాల్‌లోని 20 అలబాస్టర్ స్తంభాల మధ్య నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు.

అది మొదటి నుంచీ నలుగురికీ చూపించాలని కట్టిన ఇల్లు. 18వ శతాబ్దంలోనే, చూడవచ్చిన పెద్దమనుషులను ఇంటి పనులు చూసుకునే గార్నెట్ అనే ఆవిడ గదులన్నీ తిప్పేది. ఆవిడ బొమ్మ కూడా గీయించారు. చేతిలో ఆ ఇంటి వస్తువుల వివరాల పుస్తకం ఉంటుంది. ఒక పనిమనిషి పేరూ ముఖమూ రెండు వందల ఏళ్ల తర్వాత కూడా నిలిచి ఉండటం ఆ ఇంటికే గౌరవం. అదే గౌరవం ఇంకొందరికీ దక్కాలని నా విన్నపం.

కింది అంతస్తులో ఈస్టర్న్ మ్యూజియం ఉంది. 1899 నుంచి 1905 వరకు భారత వైస్రాయ్‌గా ఉన్న, ఆ వంశంవాడే అయిన లార్డ్ కర్జన్ పోగుచేసిన వెండి, దంతపు వస్తువులు, ఆయుధాలు అక్కడున్నాయి. 1903 ఢిల్లీ దర్బారు సందర్భంగా ఆయన భార్య మేరీ కట్టుకున్న నెమలి గౌను కూడా ఆ ఇంటిదే. జరీతో నెమలి ఈకలు కుట్టి, ఒక్కో ఈక కన్నులో మెరిసే పురుగు రెక్క పొదిగారు. కుట్టింది ఢిల్లీ పనివాళ్లు. గౌను తయారుచేసిన పారిస్ వర్త్ కంపెనీ పేరు అందరికీ తెలుసు. కళ్లు కాయలు కాసేలా ఆ జరీపని చేసినవాళ్లు ఎవరు?

కర్జన్ మంచిని కాదనను. 1904లో మన పురాతన కట్టడాల రక్షణకు చట్టం తెచ్చింది ఆయనే. మరుసటి ఏడే బెంగాల్‌ను చీల్చిందీ ఆయనే. ఆ సెగ మా గోదావరి దాకా వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో మాట్లాడితే కుర్రాళ్లు వందేమాతరం అన్నారు, అందుకు కాలేజీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. ఆ మ్యూజియం చూడటానికి వచ్చే మా పిల్లలకు ఈ రెండూ తెలియాలి.

1987లో ఆ ఇల్లు, పాత భవనాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చినప్పుడు జాతీయ వారసత్వ నిధి నుంచి ప్రజల డబ్బు అందింది. కాబట్టి మిమ్మల్ని అడిగే హక్కు ఉందనే అనుకుంటున్నాను. ట్రస్ట్ స్వతంత్ర సంస్థ అని తెలుసు, మీరు ఆజ్ఞాపించలేరు. కానీ నిధులు ఇప్పించగలరు. వలస పాలనతో తన భవనాలకున్న సంబంధాలపై 2020లో ట్రస్ట్ నివేదిక వేసినప్పుడు ఎంత గొడవ జరిగిందో చూశాం. అలాంటప్పుడు మంత్రి అండగా నిలవడమే పెద్ద సాయం.

ఒక్కో వస్తువు కానుకగా వచ్చిందా, కొన్నదా, ఏ ఊళ్లో ఎవరు చేశారు అన్నది తేల్చే పని మొదలుపెట్టించండి. కర్జన్ కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. వాటిని చదివేందుకు భారత పరిశోధకులను కూడా పిలిపించండి. ఎవరు చేశారో తేలనిచోట, తేలలేదని ఆ వస్తువు పక్కనే రాయించండి.

ఇట్లు,
ఇంగ్లండ్‌లో ఉంటున్న ఒక రాజమండ్రివాసి