50 వేలకీ 10 లక్షలకీ మధ్యనున్నోళ్ల సంగతేటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ జిల్లా పేజీలో ఈమధ్య స్వయం ఉపాధి లోన్ల గురించి పెద్ద ఐటం వేశారు, ముద్రా (చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన లోను), పీఎంఈజీపీ (కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకి కేంద్రం సబ్సిడీతో ఇప్పించే లోను), సబ్సిడీలు అన్నీ రాసి అప్లై చేసుకోవడమే ఆలస్యం అన్నట్టు ముగించారు. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం, మీ పేపరు మాక్కూడా వస్తుంది. ఐటంలో తప్పు లేదండి, రూల్సు అలాగే ఉన్నాయి. కానీ మా బోర్డర్ ఊళ్లలో ఆ లోను ఎవరికి అందుతుందో, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారో అందులో లేదు.

ఇక్కడ 50 వేల లోపు అప్పు కావాలంటే కష్టమే లేదు, ఫైనాన్సు వాళ్లే ఇంటికొచ్చి ఆడవాళ్లని కూర్చోబెట్టి గ్రూపు కట్టి ఇచ్చేస్తారు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లంతా ఆవిడ ఇంటి మీదకి వెళ్లాలి, అదొక గోల. ఆంధ్రలో 2010లో మైక్రోఫైనాన్సు మీద చట్టం తెచ్చాక బోర్డర్ అవతల ఆ జోరు తగ్గింది, ఇవతల మాకు ఆ చట్టం లేదు. 10 లక్షలు పైన కావాల్సినోళ్లకీ ఇబ్బంది లేదు, ఆళ్లకి బిల్డింగులు, రిటర్నులు ఉంటాయి, మేనేజరు గారే కుర్చీ వేసి మాట్లాడతారు. మధ్యలో రెండు లక్షలో నాలుగు లక్షలో కావాల్సినోడున్నాడు చూడండి, చిన్న షెడ్డేసి ముగ్గురికో నలుగురికో పని ఇద్దామనుకునేవాడు, వాడికి మాత్రం ఎవరూ లేరు, చివరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి షావుకారు దగ్గరకి పోతాడు లేదంటే ఇంట్లో బంగారం తాకట్టు పెడతాడు.

మా ఇంటి సంగతే చెప్తాను. మాది అడ్డాకుల విస్తర్ల వ్యాపారం. కొండల మీద సవర గిరిజన ఆడవాళ్లు ఆకు కోసి ఎండబెట్టి సంతకి తెస్తారు, కొనేది అక్కడే, డబ్బు చేతిలో పెట్టాలి, రేపిస్తాం ఎల్లుండిస్తాం అంటే కుదరదు, అలా అనడం న్యాయం కూడా కాదు. కుట్టిన విస్తర్లు, మిషను మీద వొత్తిన ప్లేట్లు వెళ్లేది పార్వతీపురం, పాలకొండ, శ్రీకాకుళం వైపు క్యాటరింగు వాళ్లకి, గుళ్లకి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు బ్యాన్ చేశాక గిరాకీ బాగానే పెరిగింది, పెళ్లిళ్ల సీజన్‌లో అడిగినంత ఇవ్వలేకపోతున్నాం. కానీ క్యాటరింగు ఆయన ఫంక్షన్ అయ్యి ఆయనకి బిల్లు వచ్చాక గానీ మాకు ఇవ్వడు, అంటే ఆకుకి ఈరోజు డబ్బు, ప్లేటుకి నెలో రెండు నెలలో పోయాక డబ్బు, పైగా వానలు పడితే ఆకు ఎండదు కాబట్టి ఎండల్లోనే స్టాకు కొని పెట్టుకోవాలి. మాకు మిషనుకి ఎంత కావాలో ఈ ఆకు స్టాకుకీ దగ్గర దగ్గర అంతే కావాలి. బ్యాంకు వాళ్లకి మిషను కొటేషను కనిపిస్తుంది, ఆకు కనిపించదు. ఎండుటాకుకి లోనేటండీ అని నవ్వారు ఒక చోట.

ఆ బ్యాంకు పేరు రాయను. అక్కడ చెప్పింది ఏటంటే మీ కస్టమర్లంతా ఆంధ్రాలో ఉన్నారు, కొటేషను విజయనగరం షాపుది, మీరు ఆ వైపు బ్రాంచిలో అడగండి అని. సరేనని అటు వెళ్తే మీ ఆధార్ ఒడిశాది, షెడ్డు ఒడిశాలో, మేం ఎలా ఇస్తాం అన్నారు. నిజం చెప్పాలంటే అటువైపు వాళ్లు అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది, 1989లో రిజర్వు బ్యాంకు ఒక్కో బ్రాంచికి కొన్ని ఊళ్లు పంచిన సర్వీస్ ఏరియా పద్ధతిని 2004లో తీసేసినా ప్రభుత్వ పథకాల వరకు ఉంచేశారు, కాబట్టి ఊరు ఏ బ్రాంచి కింద ఉందో అక్కడే అడగాలి. మరి ఇవతల మా బ్రాంచికి ఏ సాకుంది? సరుకు ఎక్కడ అమ్ముకుంటే వాళ్లకెందుకు, వాయిదా కడుతున్నామా లేదా అన్నదే కదా కావాల్సింది. ఇక్కడ సగం వ్యాపారాలు అటు అమ్ముకునేవే.

తరవాత తాకట్టు. మా ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా, 1956 రెగ్యులేషన్ వల్ల గిరిజనుల భూమి బయటి వాళ్లకి మారదు, అది ఉండాల్సిన చట్టమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ భూమి వేలం వేసినా కొనేవాడు ఉండడని బ్యాంకులు దాన్ని లెక్కలోకి తీసుకోవు, సవర కుర్రాడు లోను అడిగితే పట్టా ఉన్నా లేనట్టే. అసలు చిన్న పరిశ్రమలకి 10 లక్షల వరకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది, ముద్రాకీ తాకట్టు లేదు, బ్యాంకుకి ధైర్యం కోసం గ్యారంటీ ఫండు కూడా పెట్టారు. అయినా కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న అదే, ఏం పెడతారు అని.

మీ ఐటంలో రాని మాట ఒకటుంది, దయచేసి ఈసారి పెద్దక్షరాల్లో వేయండి. మా రాయగడ, పక్కనున్న గజపతి జిల్లా రెండూ ఆకాంక్షిత జిల్లాల లిస్టులో, అంటే వెనకబడ్డాయని కేంద్రం ప్రత్యేకంగా ఎంచిన జిల్లాల్లో ఉన్నాయి. 2022లో మార్చిన రూల్సు ప్రకారం ఈ జిల్లాల వాళ్లని ఏ కులమైనా పీఎంఈజీపీలో స్పెషల్ కేటగిరీగా చూడాలి, అంటే పంచాయతీ పరిధిలో యూనిట్ పెడితే సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం చాలు. అదే యూనిట్ మున్సిపాలిటీ లోపల పెడితే 25 శాతమే. షెడ్డు టౌను గట్టు ఇటు వేశామా అటు వేశామా అన్నదాంట్లో 4 లక్షల ప్రాజెక్టుకి 40 వేలు తేడా. ఇంకోటి, సబ్సిడీ చేతికి రాదు, మన పేరున బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తరవాత అప్పులో సర్దుతారు. ఇది తెలీకే జనం బ్రోకర్ల చేతిలో పడుతున్నారు, సబ్సిడీ బేగి తెప్పిస్తాం అని ముందే కమీషన్ తీసుకుంటున్నారు, ఫ్రీగా అయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి (చిన్న పరిశ్రమగా ఆన్‌లైన్‌లో పేరు నమోదుకి) కూడా డబ్బు గుంజుతున్నారు.

అప్లికేషను ఇస్తే బ్యాంకు రసీదు ఇవ్వాలి, కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వాలి, రూలు ఉంది. మా ఊళ్లలో అన్నీ నోటిమాటే, రేపు రండి, సారు లేరు, టార్గెట్ అయిపోయింది. నోటిమాటకి పై ఆఫీసులో విలువ లేదు కదా, అందుకే ఫిర్యాదులు కూడా ఉండవు, ఫిర్యాదులు లేవు కాబట్టి అంతా బావుందని రిపోర్టు. కాగితం చేతిలో ఉంటే ముందు ఆ బ్యాంకుకే కంప్లయింట్ ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, 14448కి ఫోన్ చేసినా ఎలా చెయ్యాలో చెప్తారు. ఫారాలు ఒడియా ఇంగ్లీషుల్లో ఉండడం ఇంకో తలనొప్పి, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు అవి నింపించుకోడానికి మళ్లీ ఆ బ్రోకర్ దగ్గరికే పోతారు.

డబ్బు లేక ఇవ్వట్లేదంటే నమ్మను. జీతాలు, పెన్షన్లు, పంట డబ్బులు అన్నీ ఇక్కడి బ్రాంచీల్లోనే పడుతున్నాయి. పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఉన్న బ్రాంచీలు దేశం మొత్తం మీద 100 రూపాయల డిపాజిట్‌కి 60 అయినా అప్పుగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, ఏ జిల్లాలోనైనా అది 40కి తగ్గితే స్పెషల్ సబ్ కమిటీ వెయ్యాలి. జిల్లాలో కలెక్టరు గారి అధ్యక్షతన బ్యాంకర్ల మీటింగులు జరుగుతాయి, మీ విలేకరి వెళ్తాడు, మర్నాడు ఫొటో వస్తుంది, లక్ష్యాలు సాధించాలి అన్న ఒక్క లైను వస్తుంది. మాకు ఫొటో వద్దండి. బ్రాంచి వారీగా ఎంత డిపాజిట్, ఎంత అప్పు, ముద్రాలో 50 వేలు దాటి 5 లక్షల లోపు కిశోర్ లోన్లు ఎందరికిచ్చారు, ఎన్ని తిప్పి పంపారు, ఆ లెక్క అడిగి తెచ్చి వేయండి. గుణుపురం, గుడారి, పద్మపూర్, కాశీనగర్ బ్రాంచీలవి వేస్తే మొదలు చాలు.

ఇట్లు,
గుణుపురం నుంచి మీ పాఠకుడు