తీరంలోని 26 గిగాహెర్ట్జ్ టవర్లను కొలిచి చెప్పాలి

ఎడిటర్ గారికి,

5జీ మీద వచ్చే వార్తల్లో ‘వాన పడితే సిగ్నల్ తగ్గుతుంది’ అని రాస్తుంటారు. నిజమే. కంటికి కనపడని నీటి ఆవిరి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

నేను కోస్తాలో మైక్రోవేవ్ స్టేషన్‌లో (టవరు నుంచి టవరుకు రేడియో తరంగాలతో కబుర్లు పంపే చోట) పనిచేసినవాణ్ణి. గాలి ఆడని రాత్రి, మబ్బు తునక లేకపోయినా, తెల్లవారుజామున సిగ్నల్ బలాన్ని గీసే రికార్డరు పెన్ను కిందికి జారిపోయేది. సముద్రపు తేమ నేలకు ఆనుకుని పొరలా పేరుకుంటే 6 గిగాహెర్ట్జ్ తరంగం వంగుతుంది. అక్కడ ఆవిరి సిగ్నల్‌ను మింగదు, దారి తప్పిస్తుంది. ఒక డిష్‌కు అందనిది రెండోదానికి అందుతుందని, ఒకే టవరుకు రెండు ఎత్తుల్లో డిష్‌లు బిగించేది అందుకే (రెండోది స్పేర్ అనుకునేవారు చాలామంది). ఎండెక్కి గాలి కలిసిపోతే పెన్ను తనంతట తనే పైకి వచ్చేది.

22.235 గిగాహెర్ట్జ్ దగ్గర మాత్రం ఆవిరి నిజంగానే మింగుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో 1.25 సెంటీమీటర్ల రాడార్‌ను దెబ్బతీసింది ఇదే. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డికీ బృందం ఫ్లారిడా గాలిలో ఆ శోషణను రేడియోమీటర్‌తో (సన్నని రేడియో రొదను కొలిచే పరికరంతో) కొలిచి 1946లో ప్రచురించింది. మింగే అణువు ఆ పౌనఃపున్యంలోనే సన్నగా రొద కూడా చేస్తుంది. ఉపగ్రహాలు 23.8 గిగాహెర్ట్జ్ వద్ద ఆ రొద విని, మబ్బులున్నా సరే, సముద్రం మీది ఆవిరిని లెక్కగడతాయి. తుపాను అంచనాలకు ఆ లెక్క కావాలి.

2022లో మన దేశం 5జీ కోసం వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ 24.25 దగ్గరే మొదలవుతుంది. టవరు నుంచి ఉపగ్రహాలు వినే పక్క బ్యాండ్‌లోకి (23.6–24) ఒలికిన శక్తిని ఉపగ్రహం ఆవిరిగా పొరబడవచ్చు. వాతావరణ ఉపగ్రహాల్లోని ఏఎంఎస్‌యూ పరికరం చూసే ఒక్కో చుక్క, సరిగ్గా కింద ఉన్నచోట కూడా, 48 కిలోమీటర్ల వెడల్పు. విశాఖ నగరమూ దాని ముందున్న సముద్రమూ ఒకే చుక్కలో పడతాయి.

ఈ ఒలుకుకు 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు హద్దు పెట్టింది. బేస్ స్టేషన్లు (మొబైల్ టవర్లు) ప్రతి 200 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఒలికించగలిగేది మైనస్ 33 డెసిబెల్ వాట్ల దాకానే. 2027 సెప్టెంబరు 1 తర్వాత వాడుకలోకి వచ్చేవాటికి మైనస్ 39. ఆరు డెసిబెల్స్ అంటే నాలుగింతల తేడా, అంటే ఒలుకు నాలుగో వంతుకు తగ్గాలి. అంతకుముందే పెట్టినవి మాత్రం పాత హద్దుతోనే కొనసాగవచ్చట! ఈ వెసులుబాటు నాకు మింగుడుపడలేదు.

కాబట్టి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో 26 గిగాహెర్ట్జ్ బేస్ స్టేషన్ ఎక్కడ పెట్టినా, 23.6–24 గిగాహెర్ట్జ్‌లోకి ఎంత ఒలుకుతోందో టెలికాం శాఖ కొలిచి ఆ అంకెలు బయటపెట్టాలి. 2027 గడువులోపే అడగమని మీ విలేకరులకు చెప్పండి.

– విశ్రాంత టెలికాం ఇంజనీరు, ఒంగోలు