కొలతకు అందుతున్న స్ట్రింగ్ నమూనాలు

సంపాదకులకు,

విశ్వం పుట్టుక గురించి వ్యాసం వచ్చినప్పుడల్లా, కణాలన్నీ అతి సూక్ష్మమైన తీగల కంపనాలేనని చెప్పే స్ట్రింగ్ సిద్ధాంతాన్ని ఎన్నటికీ పరీక్షకు అందని ఊహగా ఒక్క వాక్యంలో తోసిపుచ్చడం మన పత్రికల్లో పరిపాటి అయింది. చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పినవాడిగా, ఆ మాట సగమే నిజమని మనవి చేస్తున్నాను.

తొలి విశ్వం సెకనులో ఊహకందనంత చిన్న భాగంలోనే విపరీతంగా వ్యాకోచించిందని 1981లో అలన్ గూత్ ప్రతిపాదించారు. దీనిని ద్రవ్యోల్బణమని అనువదిస్తే పాఠకుడి మనసు ధరల మీదికి పోతుంది కనుక ఇన్‌ఫ్లేషన్ అనే ఉంచడం మేలు. అది తగినంతసేపు సాగాలంటే, దానిని నడిపే, స్థలమంతా వ్యాపించిన క్షేత్రపు శక్తి దాదాపు చదునైన వాలు మీద అతి మెల్లగా తగ్గాలి. ఆ చదును ఎలా ఏర్పడిందో ఇన్‌ఫ్లేషన్ తనంతట తాను చెప్పలేదు. స్ట్రింగ్ సిద్ధాంతం అవసరం పడేది ఇక్కడే. పొడవు, వెడల్పు, ఎత్తులకు అదనంగా ఉంటాయని ఆ సిద్ధాంతం చెప్పే, కంటికి కనిపించని ఆరు మితులు విచ్చిపోకుండా స్థిరంగా నిలిచే మార్గాన్ని 2003లో కచ్రూ, కల్లోష్, లిండే, త్రివేదీ ప్రతిపాదించారు. వీరిలో సందీప్ త్రివేదీ ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. అదే ఏడాది ఈ నలుగురూ మాల్డసేనా, మెక్‌అలిస్టర్‌లతో కలిసి, ఆ మితుల్లో బ్రేన్ అనే పొర ఒకటి, వ్యతిరేక ఆవేశం గల తన ప్రతిబ్రేన్ వైపు జారేటప్పుడు ఇన్‌ఫ్లేషన్ సాగుతుందా అని లెక్కగట్టారు. మితులను నిలబెట్టిన ఏర్పాటే మామూలుగా ఆ చదునును చెడగొడుతుందని తేలింది. తమ నమూనాకు ఎదురైన ఈ చిక్కును వారు ఆ పత్రంలోనే వివరంగా రాశారు, అందుకే ఆ పత్రమంటే నాకు గౌరవం.

ఇక కొలతల సంగతి. 2008లో సిల్వర్‌స్టీన్, వెస్ట్‌ఫాల్ ప్రతిపాదించిన మోనోడ్రమీ నమూనాలో, అంటే క్షేత్రం ఒకే దారిలో చుట్లు తిరుగుతూ ప్రతి చుట్టుకూ దాని శక్తి మారే నమూనాలో, ఆదిమ గురుత్వ తరంగాలు, అంటే ఇన్‌ఫ్లేషన్‌లో స్థలకాలంలో పుట్టిన అలలు, గుర్తించదగినంత బలంగా ఉండాలి. ఆ తరంగాల బలానికి, సాంద్రతలోని హెచ్చుతగ్గుల బలానికి ఉండే నిష్పత్తి ఈ కుటుంబపు సరళమైన నమూనాల్లో సుమారు 0.04 నుంచి 0.07 వరకు వస్తుంది. దక్షిణ ధ్రువంలోని బైసెప్ టెలిస్కోప్ బృందం 2014లో ఆ తరంగాలు కనిపించాయని ప్రకటించినా, ఆ సంకేతాన్ని మన పాలపుంతలోని ధూళితోనే వివరించవచ్చని మరుసటి ఏడాది ప్లాంక్ ఉపగ్రహ సమాచారంతో కలిపి చేసిన విశ్లేషణలో తేలింది. 2021 నాటికి ఆ నిష్పత్తి 0.036 లోపే ఉండాలన్న హద్దు వచ్చింది. దానితో ఆ సరళమైన నమూనాలు నిలవడం కష్టమైంది. బ్రేన్ నమూనాల్లో ఈ నిష్పత్తి అంతకన్నా ఎంతో తక్కువ కనుక ఆ హద్దు వాటిని తాకలేదు.

కాబట్టి స్ట్రింగ్ సిద్ధాంతం మొత్తం రుజువైందని గానీ, వీగిపోయిందని గానీ రాయడానికి ఇప్పుడు ఆధారం లేదు. ఇకపై ఇలాంటి ఫలితాలు వచ్చినప్పుడు, పరీక్షకు పెట్టింది ఏ నమూనాను, దాని అంచనా ఎంత, కొలిచింది ఎంత అన్న మూడు వివరాలను మీ విజ్ఞాన పుటలో తప్పక ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం