షెడ్డులోంచి వ్యాన్ తీసేముందు

ఎడిటర్ గారికి నమస్కారం,

మా కావలి వైపు టెంపో ట్రావెలర్లకు పడక, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని తిరిగేవాళ్లు కొందరున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు షెడ్డులో పడేసి, సంక్రాంతి దాటగానే పిల్లాజెల్లాతో సోమశిలకో మైపాడు బీచ్‌కో బయల్దేరిపోతారు. కాస్త ఆగండి! ముందు బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి, కొరికి ఉంటే స్టార్ట్ చేయడమే ప్రమాదం. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జి, 12కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టే. టైర్లకు గాలి కొట్టిస్తే సరిపోదు, పక్కల పగుళ్లు చూడాలి, వాటిమీద 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు, అంటే పైకి అరగకపోయినా మార్చాల్సిందే. మన ఉప్పుగాలికి బ్రేకులూ తుప్పు పడతాయి. అన్నిటికన్నా నాకు భయం గ్యాస్ పైపు. సబ్బునురగ రాసి బుడగలొస్తే పొయ్యి వెలిగించొద్దు. ట్యాంకులో నిలవనీళ్లు పారబోసి బ్లీచింగ్‌తో కడగాలి, ఆ పని మాత్రం ఎవరూ చేయరు! ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాల గడువు కూడా చూసుకోండి. మీ జిల్లా పేజీలో సంక్రాంతికి ముందే ఇలాంటివి రాస్తే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, కావలి