కొచ్ అనే ఊరు, కోచ్ అనే మాట

సంపాదకులకు,

రైలు కోచ్, క్రికెట్ కోచ్, కోచింగ్ సెంటర్... వీటిలోని ‘కోచ్’ను ఇంగ్లీషు మాటగా చెప్పి వదిలేయడం మన పత్రికలకు అలవాటైంది. ఇంగ్లీషుకూ అది అరువు మాటే. దాని పుట్టిల్లు హంగరీలో, బుడాపెస్ట్‌కు పడమరన వియన్నా వెళ్లే దారిలో ఉన్న కొచ్ అనే పల్లె.

15వ శతాబ్దంలో, మాత్యాష్ రాజు (1458–1490) ఏలుబడి నాటికి ఆ ఊరి గుర్రబ్బండ్లకు పేరొచ్చింది. హంగేరియన్‌లో ఊరి పేరు చివర ‘ఇ’ చేరిస్తే ‘ఆ ఊరిది’ అని అర్థం. ‘కొచి సెకేర్’ అంటే కొచ్ ఊరి బండి. వాడగా వాడగా ‘సెకేర్’ రాలిపోయింది. ‘గద్వాల కట్టుకుంది’ అన్నప్పుడు మనం ‘చీర’ను వదిలేసినట్టే. ఇప్పుడు అక్కడ కారూ కొచే, రైలుపెట్టే కొచే. ఈ మాట జర్మన్, ఫ్రెంచ్ భాషల్లోకి పాకి 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. విద్యార్థిని పరీక్ష గట్టెక్కించే గురువును కోచ్ అనడం 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ల యాస.

ఇంగ్లీషు నుంచి ఐర్లండ్ వెళ్లి అది ‘కోష్టె’ అయింది. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. ఐరిష్‌లో ‘ఓ’ మీద ఏటవాలు గీత ఉంటే దీర్ఘం. గీత తీసేస్తే ‘కొష్టె’, అంటే కమిటీ. బండితో దానికి చుట్టరికం లేదు. హంగేరియన్‌లోనూ అంతే: ‘కొచ్మ’ అంటే సారాకొట్టు, అది స్లావిక్ భాషల నుంచి వచ్చింది, ‘కొచి’కి ఏమీ కాదు. పోలిక చూసి బంధుత్వం కట్టకూడదు. మాట ఏ భాషలోంచి ఏ భాషలోకి, ఏ అర్థంతో నడిచిందో చూడాలి. పదాల పుట్టుక గురించి వేసేటప్పుడు ఆ దారి చూపండి. కొ, కో తేడాను మన లిపి చక్కగా పట్టుకుంటుంది కనుక ఉచ్చారణనూ తెలుగులోనే ఇవ్వండి.

ఐరిష్ జానపదుల నమ్మకంలో చావు కబురు తెచ్చే బండి ‘కోష్టె బౌర్’. ఈ ‘బౌర్’ అంటే చెవిటి, చప్పుడు అణగిన అని. చూడ్డానికి ఎంత దూరంగా ఉన్నా, ఇది సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘బధిర’కు తోబుట్టువు, రెండూ ఒకే ఇండో-యూరోపియన్ (సంస్కృతం, ఐరిష్ రెండూ చేరిన భాషా కుటుంబం) మూలం నుంచి వచ్చాయి. ఐరిష్ వాళ్లు రాతలో (bodhar) ‘ధ’ను ఉంచుకున్నా నోట పలకరు. మనం ఇంకా పలుకుతున్నాం.

– ఒక భాషాశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు