గ్రీన్‌కార్డుకే కాదు, దీనికీ ఫోన్ చేయండి

సంపాదకులకు నమస్కారం.

మా ఎడిసన్‌లో నలుగురు తెలుగువాళ్లు కూడితే ఈమధ్య ఒకటే మాట: "మన పన్నులన్నీ ఎక్కడెక్కడికో పంచుతున్నారు, ట్రంప్ ప్రభుత్వం ఆ విదేశీ సాయం ఆపేసి మంచిపని చేసింది". అమెరికా బడ్జెట్‌లో విదేశీ సాయం ఒక శాతం దగ్గరే ఉంటుందంటే ఎవరూ నమ్మరు. పాతిక శాతమైనా ఉంటుందని వాదిస్తారు.

ఆ ఎక్కడెక్కడో ఒకప్పుడు మనమూ ఉన్నాం. ఒంగోలు పక్క పల్లెలో నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నప్పుడు కేర్ అనే అమెరికా సంస్థ పంపిన గోధుమ నూకతో ఉప్మా పెట్టేవాళ్లు. పురుగులు ఏరుకుని తినేవాళ్లం, అది వేరే సంగతి. నూనె డబ్బా మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. నూనె అయిపోయాక ఆ డబ్బా కోసం టీచర్లు పోటీపడేవాళ్లు. అమెరికా తన రైతుల మిగులు పంట వదిలించుకునే ఎత్తుగడ కూడా అందులో ఉందని పెద్దయ్యాక చదివాను. అయినా ఆ ఉప్మా కోసమే బడికొచ్చిన పిల్లలు నా పక్కనే కూర్చునేవాళ్లు.

2003లో జార్జ్ బుష్ మొదలుపెట్టిన పెప్‌ఫార్ ఎయిడ్స్ పథకం రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టిందని అమెరికా ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆఫ్రికాలో ఆ రోగులు వేసుకునే మాత్రల్లో హైదరాబాద్ కంపెనీలు చేసినవీ ఉన్నాయి. 2025 జనవరిలో సాయం ఆపేయగానే ఆ దెబ్బ హైదరాబాద్‌కూ తగిలింది. ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలోనే మొదటిగా 2021లో అక్కడ పెట్టిన మిత్ర్ క్లినిక్ మూతపడింది. తర్వాత వేరే దాతలు ముందుకొచ్చారు కాబట్టి సరిపోయింది. ఆఫ్రికాలోని మలావీ పల్లెలో ఆస్పత్రికి అలాంటి దాత ఎక్కడ దొరుకుతాడు?

2025 జులై 1కి, ఈ సాయం పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ కథ ముగిసింది. అదే నెలలో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్, తాను మంజూరు చేసిన విదేశీ సాయంలోనే దాదాపు 800 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. ప్రతినిధుల సభలో 216–213 ఓట్లు. అనుకూలంగా ఓటేసినవాళ్లలో ఇద్దరు మనసు మార్చుకుని ఉంటే బిల్లు వీగిపోయేది! సెనేట్‌లో కొందరు రిపబ్లికన్లే అడ్డుపడటంతో పెప్‌ఫార్‌కు పెట్టిన 40 కోట్ల డాలర్ల కోత ఆ బిల్లులోంచి పోయింది. గట్టిగా అడిగితే వింటారన్నమాట.

హెచ్-1బీ కోసం, గ్రీన్‌కార్డు క్యూ కోసం మనవాళ్లు కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులకు ఎన్ని ఫోన్లు చేయలేదు! ఏం మాట్లాడాలో వాట్సాప్‌లో రాసిచ్చి మరీ చేయిస్తాం. సిటిజన్‌షిప్ వచ్చిన ప్రతి ఇంటివారినీ నేనడిగేది అలాంటి ఇంకో ఫోనే. ఇక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, అంతకుముందే కమిటీల్లో అంకెలు తేలతాయి. పేరు, జిప్ కోడ్ చెప్పి, పెప్‌ఫార్‌కు, ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పోరాడే గ్లోబల్ ఫండ్‌కు, పిల్లల టీకాలిచ్చే గావీకి నిధులు తగ్గించొద్దని చెప్పండి. ఇచ్చిన నిధులు మధ్యలో లాక్కోవద్దని కూడా చెప్పండి.

– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ