మా అమ్మ చిగుళ్లను చూసి జబ్బును పసిగట్టినవారికి, ఆ రక్తాన్ని ఆపినవారికి కృతజ్ఞతలు

మా అమ్మకు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలిన నాటి నుంచి, మూలుగ పరీక్షలో జబ్బు కణాలు కనబడడం లేదని డాక్టర్లు చెప్పిన రోజు వరకు మాకు అండగా నిలిచిన ప్రతి ఒక్కరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. ఎవరు ఏం చేశారో విడమరిచి చెబితేనే ఆ సాయం విలువ తెలుస్తుంది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదటి నమస్కారం ఖమ్మంలోని మా దంతవైద్యురాలికి. చిగుళ్ల నుంచి రక్తం వస్తే వేడి చేసిందనుకోవడం, లవంగ నూనె రాసుకోవడం మన ఇళ్లలో మామూలే. నిజానికి చాలామందిలో దానికి కారణం పళ్ల మీద పేరుకున్న గార మాత్రమే. అమ్మ కూడా పళ్లు శుభ్రం చేయించుకుందామనే వెళ్లింది. అయితే గార అంతగా లేకపోయినా చిగుళ్లు మెత్తగా ఉబ్బి పళ్ల మీదికి ఎక్కి ఉండడం, అంగిట్లో సూదిమొనతో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు, దెబ్బ తగలకుండానే ముంజేతుల మీద కమిలిన మచ్చలు కనిపించేసరికి, డాక్టరు గారు పరికరం ముట్టుకోకుండా వెంటనే సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించమని చీటీ రాశారు. మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండవలసిన, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు 18 వేలే ఉన్నాయి. తెల్ల కణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. ఆ స్థితిలో పళ్లు క్లీనింగ్ చేసి ఉంటే రక్తం ఆపడం ఎంతో కష్టమయ్యేది, నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలోకి చేరే ప్రమాదమూ ఉండేది. రిపోర్టు చూసి ఆ రాత్రే ఫోన్ చేసి, ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌లో హెమటాలజిస్టుకు (రక్త వ్యాధుల డాక్టరుకు) చూపించమని గట్టిగా చెప్పినందుకు ఆవిడకు మేము జన్మంతా రుణపడి ఉంటాము.

ఈ రకం లుకేమియాలో, ముఖ్యంగా తెల్ల కణాల్లో ఒక రకమైన మోనోసైట్ జాతి కణాలు పెరిగినప్పుడు, అవి చిగుళ్లలోకే చొరబడి వాపు తెస్తాయని, అది పేస్టులతో తగ్గేది కాదని హైదరాబాద్ డాక్టర్లు మాకు ఓపికగా వివరించారు. 7 రోజుల సైటారబిన్, 3 రోజుల డౌనోరూబిసిన్ కీమో తర్వాత కొన్ని వారాల్లో చిగుళ్లు వాటంతట అవే అణిగిపోయాయి.

ఆ కొన్ని వారాలూ గడిచాయంటే అది వార్డు సిస్టర్ల చలవే. నోరు పూసి మంచినీళ్లు మింగడానికే అమ్మ ఏడ్చిన రోజుల్లో, ఉప్పు, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజుకు చాలాసార్లు పుక్కిలింపజేశారు. మరీ మెత్తని బ్రష్‌ను వేడినీళ్లలో నానబెట్టి వాడడం, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోజున బ్రష్ మాని తడి గాజుగుడ్డతో తుడవడం, పుల్లలతో పళ్ల సందులు కుట్టకపోవడం, స్పిరిట్ కలిసిన మౌత్‌వాష్‌లకు దూరంగా ఉండడం వారే నేర్పారు. ఒక రాత్రి కింది దవడ చిగురు నుంచి రక్తం కారుతూనే ఉంటే, నైట్ డ్యూటీ సిస్టర్ గాజుగుడ్డను చిన్న మడతగా చేసి, డాక్టరు గారు రాసిన, రక్తం కారడాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ద్రావణంలో తడిపి, ఆ చోటనే వేలితో అదిమి పట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చున్నారు. జిగురులా కట్టిన గడ్డను తీసేస్తానని అమ్మ మారాం చేస్తే, "వద్దమ్మా, అదే రక్తాన్ని ఆపుతోంది" అని చెయ్యి పట్టుకుని బుజ్జగించారు. కన్నకూతురిగా నేను కూడా అంత నిదానంగా చేయగలిగేదాన్ని కాదు.

ఇక ప్లేట్‌లెట్ దాతలు. దానమిచ్చిన ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు కనుక, అవసరమైన వారంలోనే మనిషి రావాలి. ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మిషన్‌తో తీసే ప్లేట్‌లెట్లు) ఇవ్వాలంటే గంటకు పైగా మిషన్ పక్కన చెయ్యి కదపకుండా పడుకోవాలి. సంక్రాంతికి నగరమంతా ఊళ్లకు తరలిపోయిన సమయంలో, భోగి నాడు ప్రయాణం మానుకుని వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులకు, రాత్రి విధులు ముగించుకుని వచ్చి, నరం సరిగా దొరకలేదని సిబ్బంది తిప్పి పంపితే నిద్రపోయి మరునాడు మళ్లీ వచ్చిన కానిస్టేబుల్ గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. దారి ఖర్చులు ఇవ్వబోతే ఒక్కరూ తీసుకోలేదు. రక్తనిధి ద్వారా వచ్చిన మరికొందరి పేర్లు మాకు తెలియవు. వారికి ఈ మాట చేరడానికి ఇంతకు మించిన దారి నాకు కనబడలేదు.

అమ్మకు ఇంకా కీమో విడతలు మిగిలి ఉన్నాయి. వాయిదా పడిన పళ్ల క్లీనింగ్‌ను కణాల సంఖ్య నిలకడగా ఉన్నప్పుడు, హెమటాలజిస్టు అనుమతితో, ఖమ్మంలో ఆ డాక్టరు గారి దగ్గరే చేయించుకుంటానని అమ్మ చెబుతోంది.